నాన్న ఫోన్‌లో యాడ్స్ ఆపడానికి ఇంట్లో పై-హోల్ ఇలా పెట్టాను

నాన్నకు పొద్దున్నే కాఫీతో పాటు ఫోన్‌లో వార్తలు చదివే అలవాటు. నాలుగు లైన్లు చదివేలోపే కింద నుంచి యాడ్ లేస్తుంది. దాన్ని మూసే గుర్తేమో ఆవగింజంత. ఒకరోజు వేలు పక్కకు పడి ‘మీ ఫోన్‌లో వైరస్ ఉంది’ అన్న పేజీ తెరుచుకుంది. ఆ పూటంతా ఆయనకు టెన్షనే. అప్పుడే ఇంటి వైఫైకి ఒక కాపలా పెట్టాలనుకున్నాను.

ఏ సైట్‌కి వెళ్ళాలన్నా ఫోన్ ముందు డీఎన్ఎస్‌ని, అంటే సైట్ పేరు చెబితే అడ్రస్ ఇచ్చే సర్వర్‌ని, దాని అడ్రస్ అడుగుతుంది. ఆ పని పై-హోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి అప్పజెబితే, యాడ్ సర్వర్ల పేర్లు అడిగినప్పుడు 0.0.0.0 అనే ఎక్కడికీ చేరని అడ్రస్ చెప్పి పంపేస్తుంది. ఇక యాడ్ ఇంట్లోకే రాదు.

దాన్ని నడపడానికి సొరుగులో ఉన్న పాత రాస్ప్‌బెర్రీ పై 3 అనే అరచేతిలో పట్టే కంప్యూటర్, 16 జీబీ మెమరీ కార్డు నాకు సరిపోయాయి. కార్డులో రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లైట్ వేసి, లాన్ కేబుల్‌తో రూటర్‌కి కలపండి. రూటర్‌లో దానికి మారని ఐపీ (ఇంటి నెట్‌వర్క్‌లో దాని అడ్రస్) ఇవ్వండి, నాది 192.168.1.10. తర్వాత పై-హోల్ సైట్‌లో ఉన్న ఇన్‌స్టాల్ కమాండ్ నడిపి, ఆపాల్సిన యాడ్ సర్వర్ల పేర్లుండే స్టీవెన్ బ్లాక్ జాబితాకు సరే అనండి. చివర్లో కనిపించే పాస్‌వర్డ్ రాసి పెట్టుకోండి.

అసలు జాగ్రత్త రూటర్ దగ్గరే. ఇంట్లోని ఫోన్లకు ఐపీలు, డీఎన్ఎస్ పంచే డీహెచ్‌సీపీ పేజీలో ప్రైమరీ డీఎన్ఎస్‌గా రాస్ప్‌బెర్రీ పై ఐపీ ఇవ్వాలి. సెకండరీలో ‘ఎందుకైనా మంచిది’ అని నేను గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 పెట్టాను. రెండు రోజులు యాడ్స్ వస్తూనే ఉన్నాయి. మొదటిది పలకనప్పుడే రెండోదాన్ని అడగాలనే నియమం ఫోన్లకు లేదు, దేన్నైనా అడుగుతాయి. అక్కడ ఖాళీ వదలండి, కుదరకపోతే అదే ఐపీ మళ్ళీ ఇవ్వండి. ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ అడ్రస్‌లు) ఉంటే రూటర్ అటు నుంచి కూడా తన డీఎన్ఎస్ పంచుతుంది, అదీ చూసుకోండి. ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ ఆఫ్ చేయండి, లేకపోతే ఫోన్ పై-హోల్‌ని దాటి వేరే డీఎన్ఎస్‌ని అడగొచ్చు. రూటర్ డీఎన్ఎస్ మార్చనివ్వకపోతే దాని డీహెచ్‌సీపీ ఆపేసి, పై-హోల్‌లో ఉన్నది ఆన్ చేయండి.

అన్నీ అయ్యాక పై-హోల్‌లో క్వెరీ లాగ్, అంటే ఏ పరికరం ఏ పేరు అడిగిందో చూపే పట్టిక, తెరిచి చూడండి. మా ఇంట్లో అందరం నిద్రపోతున్న వేళ, రాత్రి రెండింటికి, ఆపేసిన టీవీ నిమిషానికోసారి ఎవరికో కబురు పంపడానికి చూస్తోంది. వరసగా ఎర్ర గీతలు, అంటే పై-హోల్ ఆపేసినవి. నాకు యాడ్స్ కన్నా అదే ఎక్కువ బాధనిపించింది.

యూట్యూబ్ యాడ్స్ మాత్రం ఆగవు. వీడియో వచ్చే చోటు నుంచే అవీ వస్తాయి. గూగుల్‌లో పైన వచ్చే స్పాన్సర్డ్ లింకులు తెరుచుకోవు. ఈ మాట ఇంట్లో ముందే చెప్పండి, లేకపోతే అమ్మ లాగే నెట్ పోయిందనుకుంటారు. అవసరమైన సైట్ ఏదైనా ఆగితే లాగ్‌లో ఆ పేరు వెతికి అనుమతించండి.

కరెంటు పోయినప్పుడు రూటర్ ఒక్కటే నడిచి రాస్ప్‌బెర్రీ పై ఆగిపోతే ఏ సైటూ తెరుచుకోదు. అందుకే రెండిటినీ ఒకే ఇన్వర్టర్ లైన్‌లో పెట్టాను. రూటర్ మీద అమ్మ కోసం చీటీ కూడా అంటించాను: ‘నెట్ రాకపోతే పక్కనున్న చిన్న డబ్బా స్విచ్ ఆపి, మళ్ళీ వేసి, రెండు నిమిషాలు ఆగు.’