ఆర్‌సీ నాది, కారు బావది

మూడేళ్ల కింద నా పేరు మీద లోన్ తీసి, మిర్యాలగూడలో ఉండే మా బావకు కారు ఇప్పించాను. కిస్తీలు ఆయనే కట్టి, అయిపోయాక పేరు మార్చుకోవాలని మాట. ఇంటల్లుడిని కాగితం రాసివ్వమని ఎట్లా అడుగుతాం?

కిస్తీలైతే కట్టాడు. పేరే మార్చుకోలేదు. చలాన్లన్నీ నా ఫోన్‌కే. ఇన్సూరెన్స్ కూడా అయిపోయిందని తెలిశాక టెన్షన్ మొదలైంది. ఆ బండి ఎవరినైనా గుద్దితే పరిహారం ఆర్‌సీలో పేరున్నవాడి మెడకే చుట్టుకుంటుంది. 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అడిగితే బావ అలిగాడు, అక్క మాట్లాడటం మానేసింది.

కేసు వేయబుద్ధి కాలేదు. నల్లగొండలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టాను. ఫీజు లేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించారు. చలాన్లు, ఇన్సూరెన్స్ బావవి, నెలలో పేరు మార్పు అని రాసుకుని లోక్ అదాలత్‌లో సంతకాలు పెట్టాం. అది కోర్టు డిక్రీతో సమానం. తర్వాత ఆర్‌సీలో లోన్ ఎంట్రీ తీసేయడానికి బ్యాంకు ఎన్‌ఓసీతో (బాకీ లేదన్న కాగితం) ఫారం 35, పేరు బదిలీకి ఫారం 29, 30 ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చాం.

బతుకమ్మకు అక్క వచ్చింది. బావ వాకిట్లో దింపి, కారు దిగకుండానే తిప్పుకుని పోయాడు.