బాస్ చేపకు మొదట ఏ లూర్ వేయాలి?

డల్లాస్ చుట్టుపక్కల చెరువుల్లో బాస్ పట్టడానికి వెళ్లినప్పుడు, పెట్టె తెరవగానే నచ్చిన లూర్ (చేపను ఆకర్షించే కృత్రిమ ఎర) కట్టేయకండి. ముందు తెల్ల లూర్ ఒకటి లైనుకు కట్టి, ఒడ్డు పక్కనే నీళ్లలోకి మెల్లగా దించి చూడండి. జానెడు లోతులోనే కనబడకుండా పోతే నీళ్లు బాగా కలకబారినట్టు. అలాంటప్పుడు చేప కంటి మీద కంటే నీటి కదలిక మీదే ఎక్కువ ఆధారపడుతుంది. గుండ్రటి కొలరాడో బ్లేడు, అంటే నీళ్లలో తిరిగే లోహపు రేకు, ఉన్న స్పిన్నర్‌బెయిట్ అనే లూర్ వేయండి. ఆ రేకు తిరుగుతుంటే దాని అదురు రాడ్ పిడిలో మీ చేతికే తెలుస్తుంది.

మూడు నాలుగు అడుగుల లోతు దాకా కనిపిస్తే ఆకుపచ్చ గోధుమ రంగు ప్లాస్టిక్ వానపాము, బరువేమీ కట్టకుండా. అది సన్నగా వణుకుతూ దిగుతుంది. చాలాసార్లు దిగేటప్పుడే చేప అందుకుంటుంది, కాబట్టి లైన్ మీంచి చూపు తిప్పకండి.

గాలికి అలలు లేస్తుంటే తేట నీళ్లలోనూ నా ఓటు స్పిన్నర్‌బెయిట్‌కే. వేసవిలో తెల్లవారుజామున నీళ్లు అద్దంలా ఉంటే మాత్రం పైన తేలే పాపర్. చలికాలంలో నీళ్లు 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దగ్గరపడ్డాక ఇవేవీ వద్దు, జిగ్‌ను (గాలానికే బరువు పోసి ఉన్న లూర్) అడుగున నిదానంగా లాగండి. పావుగంటలో ఒక్కటీ తగలకపోతే, లూర్ మార్చే ముందు చోటు మార్చండి.