ఒక్క అక్షరం మార్పును ఎలా చూడాలి, దానికి కమిట్ మెసేజ్ ఎలా రాయాలి

పగలు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు లెక్కలు రాస్తాను. రాత్రి అన్నం తిన్నాక ఉచిత రాత ప్రోగ్రామ్ లిబ్రే ఆఫీస్‌లో వాడుకునే ఒక తెలుగు స్పెల్ చెక్ పదాల పట్టికను చూసుకుంటాను. నల్లగొండ, పాలమూరు మాటలు అందులో చేరాలని నా పట్టుదల. వచ్చే మార్పులన్నీ చిన్నవే. ఒక పదం చేరుస్తారు, ఒక ఒత్తు సరిచేస్తారు. చిన్నదే కదా అని రెండేళ్ల కింద ఒకటి బస్సులో కూర్చుని ఫోన్‌లో చూసి మెర్జ్ కొట్టేశాను, అంటే పట్టికలో కలిపేశాను. మొత్తం 14 లైన్లు. "కనిపించని చెత్త తీసేశాను" అని రాసి ఉంది.

ఆ చెత్త పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, కంటికి కనిపించని ఒక అక్షరం. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో ట కింద వ ఒత్తు పడకుండా ఆపేది అదే. తీసేస్తే 'సాఫ్ట్వేర్' అవుతుంది. ఇక సరిగ్గా టైప్ చేసిన మాటల కిందే ఎర్రగీతలు. పంపిన పిల్లాడు దేవరకొండ వైపువాడు. ఫోన్ చేస్తే, "అన్నా, అది ఎందుకుందో ఏడ రాసి లేదు గదా" అన్నాడు. మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రామ్ గిట్‌లో, ఏ లైన్ ఎవరు రాశారో చెప్పే బ్లేమ్ కొట్టి చూశాను. ఆ లైన్లు రాసింది నేనే. ఆ కమిట్‌కు, అంటే గిట్‌లో దాచిన ఆ మార్పుకు, నేను రాసిన మెసేజ్ ఒక్కటే మాట: "సరిచేశాను".

ఏం మారిందో పాతకీ కొత్తకీ తేడా చూపే డిఫ్‌లో కనిపిస్తూనే ఉంటుంది. ఎందుకు మార్చామో మనం రాస్తేనే ఉంటుంది. నేను అప్పుడు రాయాల్సింది ఇది:

పదాలు: 'సాఫ్ట్‌వేర్' వగైరాల్లో నాన్ జాయినర్ చేర్పు

ఇది లేకపోతే ట కింద వ ఒత్తు పడుతుంది.
కంటికి కనిపించదు, తీసేయొద్దు.

మధ్యలో ఖాళీ లైన్ తప్పనిసరి. మొదటి ఖాళీ లైన్ వరకు ఉన్నదాన్నంతా గిట్ శీర్షికగా తీసుకుంటుంది. అది వదిలేస్తే కారణం కూడా శీర్షికలో కలిసిపోయి లాగ్, అంటే కమిట్ల జాబితా, చదవలేం. శీర్షిక 50 అక్షరాల్లోపు, కింద రాసేది లైన్‌కు 72 లోపు అనేది ఆనవాయితీ. గిట్ పెట్టిన హద్దు కాదు. మనకు ఇక్కడో చిక్కు ఉంది. 'స్త్రీ' కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్ అక్షర సంకేతాల పట్టిక యూనికోడ్‌లో ఆరు, వాటిని ఫైల్‌లో దాచే పద్ధతి యూటీఎఫ్ 8లో 18 బైట్లు. నాన్ జాయినర్‌తో సహా యూనికోడ్ అక్షరాలు లెక్కిస్తే పై శీర్షిక సరిగ్గా 50. కానీ ఎవరైనా బైట్లు లెక్కపెట్టే హుక్, అంటే కమిట్‌ను తనిఖీ చేసే చిన్న ప్రోగ్రామ్, పెడితే అది తిప్పికొడుతుంది. అలాంటప్పుడు హుక్‌నే సరిచేయండి, తెలుగును కుదించకండి.

చాలా ఇంగ్లీష్ ప్రాజెక్టుల్లో శీర్షికలో 'యాడెడ్' అనరు, 'యాడ్' అంటారు. తెలుగులో 'చేర్చు' అంటే ఎవరికో పని పురమాయించినట్టు ఉంటుంది. అందుకే మేం చేర్పు, సవరణ, తొలగింపు అన్న మాటలతో ముగిస్తాం. వేరేవాళ్ల ప్రాజెక్టుకు పంపేటప్పుడు మాత్రం వాళ్ల లాగ్‌లో చివరి ఇరవై శీర్షికలు చదివి అలాగే రాయండి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నల్‌కైతే కింద, ఈ మార్పు పంపే హక్కు నాకుంది అని చెప్పే, మీ పేరుతో 'సైన్డ్ ఆఫ్ బై' లైన్ కూడా ఉండాలి.

ఇక రివ్యూ. మిల్లుకు లారీ వడ్లు వస్తే సంచి గుచ్చి గుప్పెడు తీసి చూస్తే చాలు. ఒక్క లైన్ మార్పుకు ఆ పద్ధతి కుదరదు, ఉన్నదే గుప్పెడు. మార్పును కంప్యూటర్‌లోకి దించుకుని, ఆ పదాన్ని నిజంగా టైప్ చేసి, ఎర్రగీత వస్తుందా లేదా చూస్తాను. తర్వాత ఒకే ప్రశ్న: ఈ మాట ఎక్కడ విన్నారు? జవాబును మెసేజ్‌లో రాయమంటాను. "మా అమ్మమ్మ అంటుంది, చండూరు" అన్నా నాకు చాలు.

తొలగింపులకైతే ఇంకా పైలంగా ఉంటాను. ఒకరు "తప్పు పదం తొలగింపు" అని 'యారాలు' తీసేసి పంపారు. మా అమ్మ రోజూ అనే మాట! కోపం వచ్చింది. ఆ రాత్రి జవాబు రాయలేదు. మర్నాడు, "మా వైపు తోడికోడలిని యారాలు అంటారండీ, అందుకని ఉంచుతున్నాను. మీ వైపు ఏమంటారో పంపండి, అదీ చేరుద్దాం" అని రాసి మూసేశాను.

ఒకే కమిట్‌లో కొత్త పదమూ, పాత పదానికి సవరణా కలిపి పంపితే విడగొట్టమని అడగండి. గిట్ యాడ్‌కు హైఫన్ పి తగిలిస్తే ముక్కలుముక్కలుగా ఎంచుకోవచ్చు. హన్‌స్పెల్ అనే స్పెల్ చెక్ ప్రోగ్రామ్ పదాల ఫైల్‌లో మొదటి లైన్ పదాల సంఖ్య. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని మా నియమం. ఇద్దరు చెరొక పదం చేర్చి, ఇద్దరూ సంఖ్య మార్చారంటే మెర్జ్ దగ్గర గొడవే. ఆ సంఖ్య ఉజ్జాయింపుగా ఉన్నా నడుస్తుంది, విడుదలప్పుడు నేనే మారుస్తాను.

కామా కోసం, ఒక స్పేస్ కోసం కొత్తవాళ్లను మూడుసార్లు తిప్పకండి. దించుకుని, చివరి కమిట్‌ను మార్చే అమెండ్ కొట్టి మీరే సరిచేయండి. రచయితగా పంపినవాళ్ల పేరే ఉంటుంది, కమిటర్ దగ్గర మాత్రమే మీ పేరు పడుతుంది. సరిచేసింది ఏమిటో ఒక్క ముక్క వాళ్లకు చెప్పండి.