కాలేజీలో ప్రాజెక్ట్ ప్రపోజల్స్ రాయించే పని మీ మీద పడితే

మిమ్మల్ని రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా వేశారనుకోండి. ఎవరైనా ముందు చేసేది ఒకరోజు వర్క్‌షాప్. పెద్ద సంస్థ నుంచి ఒక ప్రొఫెసర్‌గారు వస్తారు, గుట్టలు గుట్టలుగా స్లైడ్లు చూపిస్తారు. శాలువా, జ్ఞాపిక, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్లు. కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైలుకి అదంతా పనికొస్తుంది కానీ పరిశోధనకి డబ్బు అడుగుతూ పంపే ప్రపోజల్ ఒక్కటీ బయటికి రాదు. నేను చెన్నైలో ఒక యూనివర్సిటీ ప్రాజెక్ట్ సెల్‌లో పనిచేస్తాను. మాది నాయుడుపేట. ఇక్కడ కొత్తగా చేరే అసిస్టెంట్ ప్రొఫెసర్లలో నెల్లూరు, తిరుపతి, ప్రకాశం వైపు పిల్లలు బాగానే ఉంటారు. వాళ్లని కూర్చోబెట్టి రాయించడంలో మాకు కలిసొచ్చిన పద్ధతి చెబుతాను.

డీన్‌గారి దగ్గరికి వెళ్లి డబ్బు అడక్కండి, టైమ్ అడగండి. వారానికి ఒక మధ్యాహ్నం ప్రపోజల్స్ రాసేవాళ్లు గుంపుగా కూర్చోవాలి, ఆ గుంపులో ఉన్నవాళ్లకి క్లాసు, ల్యాబు, ఇన్విజిలేషన్ ఏదీ పడకూడదు. నోటిమాటగా సరేనంటే నమ్మొద్దు, టైమ్‌టేబుల్లో ఎక్కించుకోండి. లేకపోతే రెండో వారానికే "మేడమ్, సబ్‌స్టిట్యూషన్ పడింది" అని ఫోన్లు మొదలవుతాయి. గుంపులో ఐదారుగురు చాలు. అందరూ ఒకే డిపార్ట్‌మెంట్ వాళ్లు కాకుండా చూసుకోండి. ఎందుకో కింద చెబుతాను.

ఏ పిలుపుకి, అంటే డబ్బిచ్చే ఏ సంస్థ ప్రకటనకి రాస్తున్నారో మొదటి రోజే తేల్చేయాలి. సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లు ఇప్పటికీ "సెర్బ్‌కి వేస్తాం" అంటారు. సెర్బ్ అంటే సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డు. 2008 చట్టంతో వచ్చిన ఆ బోర్డు ఇప్పుడు లేదు. 2023లో చేసిన చట్టంతో దాని స్థానంలో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చింది, స్కీముల పేర్లు, రూల్సు కూడా మారాయి. అయినా సీనియర్ల దగ్గర తీసుకున్న పాత సెర్బ్ ఫైలులో పేర్లు మార్చి నింపేవాళ్లు ఉన్నారు. అలాంటి ఫైలు కనబడితే అక్కడే మూసేయించండి. సోషల్ సైన్స్ వాళ్లకి ఐసీఎస్ఎస్ఆర్ ఉంది, వైద్యం వైపు వాళ్లకి ఐసీఎంఆర్. బయోమెడికల్ వాళ్లకి హైదరాబాద్‌లోని ఇండియా అలయన్స్ అనే సంస్థ ఫెలోషిప్పులే కాదు, రాయడం నేర్పే శిబిరాలు కూడా పెడుతుంది. వయసు పరిమితి, ఉద్యోగం పర్మనెంటా కాదా, ప్రైవేటు కాలేజీ అయితే యూజీసీ చట్టం 2(ఎఫ్), 12(బి) సెక్షన్ల కింద ఇచ్చే గుర్తింపులు అడుగుతున్నారా, ఇవన్నీ పిలుపు కాగితంలోనే ఉంటాయి. పెన్సిల్‌తో గీతలు పెట్టి చదివించండి. అర్హత లేదని చివరి రోజున తెలిస్తే ఆ టెన్షన్ మీకూ తప్పదు.

తర్వాత ఒక్క పేజీ రాయమనండి. ఒక్కటంటే ఒక్కటే. అసలు పని ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా చెబుతాను.

ప్రకాశం జిల్లా అమ్మాయి ఒకామె, కెమిస్ట్రీ. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి వేరుశనగ తొక్కల బయోచార్ (గాలి తగలకుండా కాల్చి చేసే బొగ్గు) మీద రాసుకొచ్చింది. మొదటి పేరా అంతా ప్రపంచంలో నీటి కొరత, రెండో పేరా ఫ్లోరోసిస్ ఎంత ప్రమాదమో. లక్ష్యాలు మాత్రం మూడే: బయోచార్ తయారుచేయడం, దాని లక్షణాలు పరీక్షించడం, ఫ్లోరైడ్ మీద ప్రభావం అధ్యయనం చేయడం.

"ఏమ్మా, ఇవి మూడూ ఎమ్మెస్సీ ప్రాజెక్టులో కూడా చేస్తారు కదా. నీకు తెలియనిదేంటి ఇందులో?" అన్నాను.

"అది పనిచేస్తుందా లేదా అన్నదే మేడమ్."

"ల్యాబులో డిస్టిల్డ్ వాటర్లో అయితే పనిచేస్తుంది. మీ ఊరి బోర్లో?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మా బోర్లలో బైకార్బొనేట్ ఎక్కువ మేడమ్. అది ఫ్లోరైడ్‌తో పోటీ పడుతుంది, పీహెచ్ కూడా పెంచుతుంది" అంది. ప్రపోజల్ దొరికింది! ఆ మాట పేజీ అడుగున ఎక్కడో ఒక వాక్యంగా దాక్కుని ఉంది. దాన్ని మొదటి పేరాలోకి తెచ్చాం. లీటరుకి 3 నుంచి 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, దానికి తోడు బైకార్బొనేట్ కూడా బాగా ఉన్న నీటిని ఈ బయోచార్ 1.5 కంటే కిందికి దించగలదా? ఎన్నిసార్లు కడిగి వాడినా ఆ పని చేస్తుందా? 1.5 అంటే మన బీఐఎస్ ప్రమాణంలో, వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించే గరిష్ఠ హద్దు. పటిక, సున్నంతో చేసే నల్గొండ పద్ధతి ఉండగా ఇదెందుకని రివ్యూయర్ ఎలాగూ అడుగుతారు, అందుకే బురద సమస్య, నీళ్లలో మిగిలే అల్యూమినియం గురించి రెండు వాక్యాలు చేర్చాం. ప్రపంచ నీటి కొరత పేరా తీసేశాం.

మీరు కూడా ప్రతి పేజీకీ అదే ప్రశ్న వేయండి: ఇందులో నీకు ఇంకా తెలియనిదేంటి? జవాబు రాకపోతే లక్ష్యాల వాక్యాలు ఎంత దిద్దినా వృథా.

గుంపులో వేరే డిపార్ట్‌మెంట్ వాళ్లు ఉండాలన్నది ఇందుకే. ఆ పేజీని ఎకనామిక్స్ వాళ్ల చేత చదివించి, పక్కన పెట్టి, ఏం అర్థమైందో నోటితో చెప్పమనండి. రాసినవాళ్లు మధ్యలో "అంటే అది కాదు సార్" అని అడ్డు రాకూడదు. కమిటీలో అందరూ మన సబ్జెక్టు వాళ్లే ఉండరు, అక్కడ పక్కన కూర్చుని వివరించడానికి మనమూ ఉండం.

ఇక బడ్జెట్. దీన్ని చివరి రాత్రికి వదిలేయడం అందరికీ అలవాటు. అకౌంట్స్ సెక్షన్ నుంచి ఒకరిని ఒక మధ్యాహ్నానికి పిలవండి, టీ తాగించండి, ఆయన చెప్పేది రాసుకోండి. మనుషుల జీతం లెక్క ఇలా ఉంటుంది: 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్‌కి (జూనియర్ రీసెర్చ్ ఫెలో) నెలకి 37,000, మూడో ఏడు ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలో) అయితే 42,000. ఇంటద్దె భత్యానికి ప్రభుత్వం నగరాల్ని వర్గాలుగా విడదీస్తుంది, చెన్నై అందులో పైదైన ఎక్స్ కేటగిరీ నగరం. ఇంటద్దె 30 శాతం చొప్పున వేసుకుంటే మూడేళ్లకి 18,09,600 అవుతుంది. అదే స్కాలర్ మా నాయుడుపేట లాంటి ఊళ్లో ఉంటే అద్దె 10 శాతమే. స్నేహితుడి ప్రపోజల్లో అంకె చూసి వేసుకుంటే రెండున్నర లక్షల పైన తేడా వచ్చేస్తుంది.

పరికరాల దగ్గర కోటేషన్ తారీఖు చూడండి. పరిశోధన సంస్థలకి ఒకప్పుడు జీఎస్టీ 5 శాతమే పడేలా ఉన్న రాయితీని 2022 జూలైలో ఎత్తేశారు, పాత ఫైళ్ల నుంచి ఆ లెక్క ఇంకా కాపీ అవుతూనే ఉంది. కొత్త కోటేషన్ తెప్పించి, ఆ రోజు రేటు, రవాణా, ఇన్‌స్టలేషన్ కలిసి ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఇంకో మాట, ఫ్లోరైడ్ కొలవడానికి అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ సరిపోతుంది. అంతకంటే ఖరీదైన అయాన్ క్రొమటోగ్రాఫ్ కావాలని రాస్తే, ఎందుకని నిలదీస్తారు. ఖరీదైన పరీక్షలు బయట డబ్బు కట్టి చేయించుకోవచ్చు. ఐఐటీ మద్రాస్‌లో సైఫ్ అనే పరికరాల కేంద్రం ఉంది, దేశంలో ఏ మెషీన్ ఎక్కడుందో ఐ-స్టెమ్ పోర్టల్లో వెతుక్కోవచ్చు. అలా రాస్తే డబ్బు జాగ్రత్తగా వాడే మనిషని కమిటీకి కూడా అనిపిస్తుంది. షాపుకి పంపితే లిస్టులో లేనివి కూడా మోసుకొచ్చే పిల్లాడిలా బడ్జెట్ ఉండకూడదు.

ముసాయిదా పూర్తయ్యాక, పంపేముందు మన దగ్గరే ఒక మాక్ రివ్యూ పెట్టండి. ముగ్గురు చాలు: అదే సబ్జెక్టు మనిషి, వేరే సబ్జెక్టు మనిషి, అకౌంట్స్ ఆయన. కామెంట్లు కాగితం మీద రాసివ్వాలి. మొహమాటం మన దగ్గర పెద్ద జబ్బు. ఎదురుగా అడిగితే "చాలా బాగుందమ్మా" అంటారు, అదే కాగితం మీద పేరు లేకుండా అయితే నిజం రాస్తారు. హెచ్ఓడీగారిని రివ్యూయర్‌గా పెట్టకండి. ఆయనకి నచ్చేలా రాయడం మొదలవుతుంది.

ఆఖరి తేదీకి వారం ముందు మీ సొంత ఆఖరి తేదీ పెట్టుకోండి. రిజిస్ట్రార్‌గారి సంతకం కావాల్సిన ఎండార్స్‌మెంట్, అంటే సంస్థ ఒప్పుకోలు కాగితం, ఆ రోజుకే చేతిలో ఉండాలి. సంతకం అవసరమైనప్పుడే ఆయన ఢిల్లీలో ఉంటారు, అదేం చిత్రమో. మనుషుల నుంచి రక్త నమూనాలో, సర్వేలో తీసుకునే పని ఉంటే ఎథిక్స్ కమిటీ మీటింగ్ ఎప్పుడో ముందే కనుక్కోవాలి. కొన్నిచోట్ల అది మూడు నెలలకోసారి కూర్చుంటుంది.

రిజెక్ట్ అయినవాళ్లు రెండు వారాలు మీ కంటపడరు. వదిలేయండి. తర్వాత కామెంట్లు తీసుకుని గుంపులోకి రమ్మనండి, వచ్చే పిలుపుకి దేన్ని మార్చాలో, దేనికి జవాబు చెబితే చాలో అందరూ కలిసి విడదీయండి. ప్రాజెక్ట్ వచ్చినవాళ్ల పని ఇంకా ఎక్కువ. మంజూరు కాగితం వచ్చిన వారంలోనే వాళ్లని అకౌంట్స్‌ ఆయన పక్కన కూర్చోబెట్టి, ఏ హెడ్ (ఖర్చు పద్దు) నుంచి ఏది కొనొచ్చో, మార్చి 31 తర్వాత జీఎఫ్ఆర్ 12-ఎ ఫారంలో, డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఎలా ఇవ్వాలో చూపించండి. అది ఆలస్యమైతే రెండో ఏడాది డబ్బు ఆగుతుంది, స్కాలర్ జీతం కోసం మీ టేబుల్ దగ్గరికే వస్తాడు.