గప్పీ పిల్లలు బతకడం లేదా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

తొట్టిలో పెంచుకునే చిన్న రంగు చేప గప్పీ. తల్లి గప్పీ పిల్లలను పెట్టిన రోజు ఇంట్లో సందడే సందడి. మూడో రోజుకు లెక్క తగ్గుతుంది. వారం తిరిగేసరికి తొట్టి వైపు చూడాలంటేనే మనసొప్పదు. దుకాణానికి పరుగెత్తితే ఒక నీలి మందు సీసా చేతిలో పెడతారు. అలాంటివి నేను మూడు కొన్నాను. ఒక్కటీ పని చేయలేదు, ఎందుకంటే నా పిల్లలకు జబ్బే లేదు. నా తొట్లలో నెల లోపు పోయిన పిల్లల్లో ఎక్కువ భాగం నీటి వల్లనో, నా చేతి వల్లనో పోయినవే. కాబట్టి మందు సంగతి తర్వాత. ముందు కనిపిస్తున్నదేమిటో చూడండి.

రాత్రి ముప్పై, పొద్దున పది

శవాలు కనిపించకుండా లెక్క తగ్గిందంటే ఎవరో తింటున్నారు. మొదటి అనుమానం తల్లి మీదే. గప్పీకి మాతృప్రేమ తెలియదు. ఆరేడు మిల్లీమీటర్ల పొడవుతో కదిలేది ఏదైనా దానికి తిండే. ఈ మాట వినగానే అందరూ కాన్పు కోసం తల్లిని విడిగా ఉంచే బ్రీడింగ్ బాక్సు కొంటారు. నాకు అది నచ్చదు. ఇరుకు పెట్టెలో తల్లి బెదిరిపోయి, గడువు నిండకముందే పిల్లలను వదిలేస్తుంది. దానికంటే తొట్టిలో ఒక మూల జావా మాస్ లేదా హార్న్‌వర్ట్ అనే నీటి మొక్కలను గుబురుగా పెంచడం మేలు. పిల్లలు వాటిలో దూరిపోతాయి, ఆ నాచు మీద ఉండే సూక్ష్మజీవులను గిల్లుకుని తింటాయి. పిల్లలు కనిపించగానే తల్లిని వేరే తొట్టికి మార్చండి, పిల్లలను కాదు. పుట్టిన చోట ఉంటేనే వాటికి నీటి మార్పు బాధ తప్పుతుంది.

తల్లి పక్కన లేకపోయినా తగ్గుతున్నాయంటే ఫిల్టర్ మూత తీసి చూడండి. నీటిని లాగే గొట్టం పిల్లలను కూడా లాగేస్తుంది. ఒకసారి ఆ డబ్బాలో నాకు పదకొండు పిల్లలు దొరికాయి, బతికే ఉన్నాయి. గొట్టం మూతికి స్పాంజ్ తొడిగితే ఆ బాధ తీరుతుంది.

గాజు మీద తెల్లటి దారం ముక్కల్లాంటివి చేతులు చాచి ఊగుతుంటే అవి హైడ్రాలు. పుట్టిన పిల్లలను పట్టి తినగలవు. కొత్త మొక్కలతో వస్తాయి, మిగిలిపోయిన తిండి మీద పెరుగుతాయి. పిల్లలను శుభ్రమైన తొట్టికి మార్చి, పాత తొట్టిని కడిగి ఆరబెట్టడం కంటే తేలిక దారి నాకు దొరకలేదు.

పుట్టగానే అడుగున పడి ఉండడం

ఈదలేక పొట్ట మీద జరుగుతూ ఉండే పిల్లలు రెండు రకాలు. పొట్ట కింద పసుపు సంచి ఇంకా కనిపిస్తుంటే అవి ముందుగా పుట్టినవి. నీటి లోతు పది సెంటీమీటర్లకు తగ్గించి, గాలి బుడగలు మెల్లగా వచ్చేలా చేసి, రెండు రోజులు వదిలేయండి. కొన్ని కోలుకుంటాయి. సంచి కరిగిపోయాక కూడా లేవనివి గాలితిత్తి సరిగా ఏర్పడనివి. వాటికి చేయగలిగింది తక్కువ.

నాలుగో రోజు నుంచి రోజుకు ఐదారు చొప్పున

అన్నిటికంటే ఎక్కువ ఇళ్లలో జరిగేది ఇదే. పిల్లలు నీటి పైపొర దగ్గర చేరి నోళ్లు తెరుస్తుంటాయి. మొప్పలు గబగబా ఆడుతుంటాయి. తిండి వేసినా పరుగెత్తి రావు. నీరు కాస్త పాలిపోయి ఉంటుంది. ఇది అమోనియా.

కారణం మన జాలి. పిల్లలు చిన్నవని చిన్న గాజు గిన్నెలో వేస్తాం, చిన్నవని రోజుకు ఐదుసార్లు తిండి వేస్తాం. వాటి విసర్జన, మిగిలిన తిండి కుళ్లి అమోనియాగా మారతాయి. దాన్ని విరిచే బ్యాక్టీరియా కొత్త తొట్టిలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పిల్లలకు అంత గడువు ఉండదు. నా గప్పీల మొదటి కాన్పు పిల్లలకు ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన నలిపి వేశాను. వాటికి పట్టింది ఆవగింజంత, నేను వేసింది శనగగింజంత. మర్నాటికి నీరు వాసన వేసింది, సాయంత్రానికి సగం పోయాయి.

బోరు నీటితో పెంచేవారు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఆ నీటిలో ఖనిజాలు ఎక్కువ కాబట్టి గప్పీలకు నిజానికి బాగా నప్పుతుంది. అయితే పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎనిమిది దాటిన నీటిలో, పైగా వేసవి వేడిలో, అమోనియాలో విషపూరితమైన భాగం పెరుగుతుంది. పక్కింటి తొట్టిలో చేపలు తట్టుకున్న మోతాదే మీ తొట్టిలో చంపేయవచ్చు. ఇరవై సీసాల మందులకు బదులు ఒక అమోనియా టెస్ట్ కిట్ కొనండి. సున్నా కాక మరే రంగు కనిపించినా పిల్లలకు అది ఎక్కువే.

అప్పటికప్పుడు చేయాల్సింది: మూడో వంతు నీరు తీసి, అదే వేడి ఉన్న క్లోరిన్ లేని నీరు నెమ్మదిగా పోయాలి. సాయంత్రం మళ్లీ అదే పని. ఆ ఒక్క రోజు తిండి ఆపేయండి. ఒక రోజు పస్తు వాటిని చంపదు, ఆ నీరు చంపుతుంది. అడుగున ఉన్న మురికిని సన్నటి ఎయిర్ గొట్టంతో లాగేయండి. గొట్టం చివర బకెట్లో చూసుకోండి, ఒకటి రెండు పిల్లలు తప్పకుండా అందులోకి వచ్చి ఉంటాయి.

శాశ్వత పరిష్కారం కాన్పుకు ముందే మొదలవుతుంది. ఒక స్పాంజ్ ఫిల్టర్‌ను పెద్ద చేపల తొట్టిలో నెల రోజులు నడవనివ్వండి. తర్వాత దాన్ని పిల్లల తొట్టికి మార్చండి. ఆ స్పాంజ్‌లో బ్యాక్టీరియా అప్పటికే కాపురం పెట్టి ఉంటుంది. దాన్ని కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు ఆ కాపురం కూలిపోతుంది. తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండాలి. ముప్పై పిల్లలకు నలభై లీటర్లయినా ఉంటే పొరపాట్లు దిద్దుకునే వ్యవధి దొరుకుతుంది.

నీరు మార్చిన గంటలోనే

కుళాయి నీటిలోని క్లోరిన్ కావచ్చు. వెడల్పాటి బకెట్లో 24 గంటలు నిల్వ ఉంచితే చాలావరకు పోతుంది, యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తే నిమిషాల్లో పోతుంది. మనం మరిచిపోయే ఇంకో కారణం డాబా మీది ట్యాంకు. మే నెల మధ్యాహ్నం ఆ నీటిలో చేయి పెట్టలేం, అదే నీటిని నేరుగా తొట్టిలో పోస్తాం. డిసెంబరులో దీనికి సరిగ్గా ఎదురు. పోసే ముందు రెండు నీళ్లలోనూ వేలు ముంచి చూస్తే తేడా తెలిసిపోతుంది.

తోక సూదిలా ముడుచుకుని, ఒకే చోట వణకడం

ముందు అమోనియా చూడండి. అది సున్నా అయితే, మీరు ఆర్‌వో నీరు వాడుతున్నారేమో ఆలోచించండి. తాగడానికి మంచిదని చేపలకూ అదే పోసేవారు చాలామంది. అందులో ఖనిజాలు దాదాపు ఉండవు, గప్పీకి అవే కావాలి. కొన్ని రోజుల వ్యవధిలో, కొంచెం కొంచెంగా బోరు నీరు లేదా క్లోరిన్ పోయిన కుళాయి నీరు కలుపుతూ రండి. చలి కూడా ఇలాగే ముడిచేస్తుంది. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రులు తొట్టి నీటిని ఇరవై డిగ్రీల దాకా దించేయగలవు, పిల్లలకు 25 నుంచి 27 కావాలి. ముప్పై లీటర్ల లోపు తొట్టికి 25 వాట్ల హీటర్ సరిపోతుంది.

నెల దాటినా ఎదగకపోవడం

మూడింటిలో ఒకటి: ఇరుకు, చలి, తిండి. మొదటి రెండూ పైన చెప్పాను. తిండి విషయంలో పెద్ద చేపల గుళికలను పొడి చేసి రోజుకు ఒకసారి వేస్తే పిల్లలు బతుకుతాయి, ఎదగవు. చిన్న పొట్ట కాబట్టి రోజుకు మూడు నాలుగు సార్లు, రెండు నిమిషాల్లో అయిపోయేంత మాత్రమే వేయాలి. ఎదుగుదలకు అన్నిటికంటే మేలైనది అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే ఉప్పునీటిలో పెరిగే రొయ్య లాంటి చిన్న జీవి. లీటరు నీటిలో 25 గ్రాముల కల్లుప్పు, అర చెంచా గుడ్లు, అడుగు నుంచి గాలి, మీద దీపం. 28 డిగ్రీల వద్ద ఒక రోజులో నారింజ రంగు చుక్కలు ఈదుతాయి. గాలి ఆపితే పెంకులు పైకి తేలతాయి, ఆర్టీమియా పిల్లలు దిగువకు చేరతాయి. దిగువ భాగాన్నే గొట్టంతో తీసి, సన్నటి గుడ్డలో వడగట్టి, మంచి నీటితో ఒకసారి కడిగి వేయండి. పెంకులు మాత్రం గప్పీ పిల్లల నోట పడనివ్వకండి.

వెన్ను వంకర

ఒకటి రెండు పిల్లలకే ఉంటే పుట్టుకతో వచ్చినది. ప్రతి కాన్పులోనూ కనిపిస్తే ఒకే కుటుంబంలో తరతరాలుగా జతకట్టిస్తున్నారన్నమాట, బయటి నుంచి కొత్త మగచేప తెచ్చుకోవాలి. ముందు తిన్నగా ఈదిన చేపలు తర్వాత చిక్కిపోతూ వంగుతుంటే క్షయ లాంటి బ్యాక్టీరియా జబ్బు కావచ్చు. వాటిని వేరు చేయండి. చేతికి గాయం ఉంటే ఆ తొట్టిలో చేయి పెట్టవద్దు, అది మనుషుల చర్మానికీ అంటుతుంది.

రెండు నెలలైనా కాకముందే పిల్లల పొట్టలు ఉబ్బడం

ఇది జబ్బు కాదు, గర్భం. ఆడా మగా వేరు చేయడంలో ఆలస్యం జరిగిందన్నమాట. నాలుగో వారం నుంచి మగపిల్లల కింది రెక్క పుల్లలా సన్నబడుతుంది, ఆడపిల్లల పొట్ట వెనక నల్ల మచ్చ కనిపిస్తుంది. అప్పుడే వేరు చేయాలి. కలిసి ఉన్న కొద్ది రోజులు కూడా చాలు, ఎందుకంటే ఆడ గప్పీ మగచేప వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలదు. దుకాణం నుంచి ఒంటరిగా తెచ్చిన ఆడచేప మీ తొట్టిలో వరుసగా మూడు కాన్పులు పెట్టినా ఆశ్చర్యపడకండి. వాటి తండ్రి ఆ దుకాణంలోనే ఉండిపోయాడు.