వైజాగ్ ఉప్పుగాలికి కెమెరా, కంప్యూటర్, ఇంట్లో సామాను పాడవకుండా చూసుకోవాలంటే

వైజాగ్‌లో సామాను వాడి వాడి పాడయ్యేది తక్కువండి, ఊరికే పెట్టి ఉంచితే పాడయ్యేదే ఎక్కువ. లాసన్స్ బే కాలనీలోనో పెదవాల్తేరులోనో బీచ్ వైపు బాల్కనీ ఉన్నవాళ్ళని ఎవర్నైనా అడగండి, కొత్త గ్రిల్‌కి రెండు వానాకాలాలు తిరక్కుండానే పెయింట్ పెచ్చులు లేచిపోతుంది, బీరువా తలుపు కిర్రుమంటుంది, కొన్నాళ్ళు ముట్టుకోని కెమెరా బయటకి తీస్తే లెన్స్ లోపల తెల్లగా సాలెగూడులాగా ఏదో అల్లుకుని ఉంటుంది. వీటన్నిటికీ కారణం ఒక్కటే, గాలిలో ఉప్పు, దానికి తోడు తేమ. పెద్దగా ఖర్చు లేకుండా ఇంట్లో ఉన్నవాటితోనే దీన్ని చాలామటుకు ఆపొచ్చు. నేను చేసేవి, పనిచేస్తాయని గట్టిగా చెప్పగలిగేవి మాత్రమే ఇక్కడ రాస్తున్నా.

ముందు అసలు ఏం జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా సులువు. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే మామూలు ఉప్పు ఆ గాలిలోంచే నీళ్ళు పీల్చుకుని తనంతట తనే కరిగిపోతుంది, వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా అడుగున నీళ్ళూరేది అందుకే. మన ఊళ్ళో తెల్లవారుజామున తేమ ఆ 75 దాటడం మామూలే. అంటే మీ లెన్స్ మీద, లాప్‌టాప్ లోపల బోర్డు మీద, తాళం కప్పలో పడ్డ ఉప్పు రేణువు రాత్రికి ఉప్పునీటి చుక్క అయిపోతుంది, ఇనుముకి తుప్పు పట్టిస్తుంది, కరెంటు వెళ్ళకూడని చోటికి దారి ఇస్తుంది, పగలు ఆరి మళ్ళీ రేణువవుతుంది, రాత్రికి మళ్ళీ మొదలు. కాబట్టి మనం చెయ్యాల్సినవి రెండే పనులు, ఉప్పుని కడిగెయ్యడం, తేమని దూరంగా పెట్టడం.

కెమెరాతో మొదలెడదాం. ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో అలల దగ్గర ఓ గంట ఫొటోలు తీసి ఇంటికొచ్చాక ఫోన్ టార్చ్ వేసి లెన్స్‌ని పక్కనుంచి చూడండి, సన్నటి మచ్చలు పొగ పట్టినట్టు కనిపిస్తాయి. చాలామంది వెంటనే చొక్కా కొనతోనో కళ్ళజోడు గుడ్డతోనో తుడిచేస్తారు, దయచేసి అలా చెయ్యొద్దు. ఆరిన ఉప్పుకి, ఇసకకి అంచులు ఉంటాయి, పొడిగుడ్డతో రుద్దితే గాజు మీదున్న కోటింగ్‌కి గీతలు పడతాయి. ఇంకొంతమంది ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొని తెచ్చి అదే అన్నిటికీ మందు అనుకుంటారు, అది జిడ్డుకి బాగా పనిచేస్తుంది గానీ ఉప్పు ఆల్కహాల్‌లో కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది. అందుకని వరస ఇలా పెట్టుకోండి: ముందు రబ్బరు బ్లోయర్‌తో లెన్స్‌ని కిందకి వంచి గాలి కొట్టి ఇసక దులిపెయ్యాలి (నోటితో ఊదితే తుంపర పడుతుంది), తర్వాత శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డ ఓ మూల డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి బాగా పిండి, అసలు నొక్కకుండా మధ్యలోంచి బయటికి తిప్పుతూ అద్దాలి, గుడ్డ ఇంకో మూలతో మళ్ళీ ఒకసారి, ఆ తర్వాతే వేలిముద్రల జిడ్డు మిగిలితే ఆల్కహాల్. నీళ్ళని నేరుగా లెన్స్ మీద పొయ్యకూడదు, అంచుల్లోంచి లోపలికి దిగిపోతాయి. డిస్టిల్డ్ వాటర్ కోసం ఎక్కడెక్కడో వెతకక్కర్లేదు, ఇన్వర్టర్‌కి పోసే బ్యాటరీ వాటర్ ఉంటుంది కదా, సీల్ తియ్యని కొత్త డబ్బా అయితే అదే సరిపోతుంది. కొళాయి నీళ్ళయితే వాటిలో ఉన్న లవణాల మచ్చలు మళ్ళీ మిగులుతాయి.

బాడీని, ట్రైపాడ్‌ని కూడా తడిగుడ్డతో తుడవాలి. ట్రైపాడ్ కాళ్ళు ఇసకలో దిగబడకుండా పాత సీడీలు గానీ డబ్బా మూతలు గానీ కింద పెట్టండి, ఇంటికొచ్చాక కాళ్ళు పూర్తిగా బయటికి లాగి మంచినీళ్ళతో కడిగి, ఆరాకే ముయ్యండి, లేకపోతే తర్వాత సారికి బిగుసుకుపోయి కదలవు.

ఇప్పుడు అసలు సంగతి, డ్రై బాక్స్, అంటే తేమ చేరకుండా కెమెరా దాచే డబ్బా. లెన్స్‌లో ఫంగస్ ఎందుకొస్తుందంటే తేమ 60, 70 శాతం పైన, చీకట్లో, గాలాడని చోట రోజుల తరబడి ఉండటం వల్ల, అంటే మనం కెమెరాని భద్రంగా బ్యాగులో పెట్టి బీరువాలో దాచే పద్ధతి ఫంగస్‌కి సరిగ్గా కావల్సిన పద్ధతి. అందులోనూ లెదర్ బ్యాగులైతే తేమని పట్టి ఉంచుతాయి, బ్యాగు మొయ్యడానికే గానీ దాచడానికి కాదు. బజార్లో కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్లు దొరుకుతాయి, చాలా లెన్సులు ఉన్నవాళ్ళకి అవి మంచివే, ఒక కెమెరా రెండు లెన్సులు ఉన్నవాళ్ళకి మాత్రం పప్పులు పోసుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా చాలు. పూర్ణా మార్కెట్ వైపు ప్లాస్టిక్ సామాన్ల షాపుల్లో మూత చుట్టూ రబ్బరు, నాలుగు పక్కలా క్లిప్పులు ఉన్న పది పదిహేను లీటర్ల డబ్బా అడగండి. కొనేముందు మూతపెట్టి పైన చెయ్యి వేసి నొక్కి చూడండి, గాలి బుస్సున బయటికొస్తే ఆ డబ్బా వద్దు.

అందులో పావుకిలో సిలికా జెల్ (తేమ పీల్చే గింజలు) పల్చటి గుడ్డ సంచిలో కట్టి పెట్టాలి. నీలం గింజలు తేమ పట్టాక గులాబీ రంగులోకి మారతాయి, వాటికి రంగు తెచ్చేది కోబాల్ట్ క్లోరైడ్, అది విషం, ఇంట్లో చిన్నపిల్లలుంటే అవి వద్దు, తేమ పట్టాక పచ్చబడే నారింజ రంగు గింజలు తీసుకోండి (వాటిని కూడా పిల్లలకి అందకుండానే పెట్టాలి, అది వేరే సంగతి). రంగు మారిందని పారెయ్యక్కర్లేదు, ఓవెన్ ఉంటే 110, 120 డిగ్రీల్లో రెండు గంటలు, లేదంటే వంటకి వాడని పాత మూకుడులో సన్నసెగ మీద కలుపుతూ, కిటికీ తీసిపెట్టి, పాతరంగు వచ్చేదాకా వేడిచేసి, చల్లారాక మళ్ళీ సంచిలో కట్టెయ్యండి. సెగ ఎక్కువైతే గింజలు నల్లబడి రంగు మారడం మానేస్తాయి. బియ్యం పోస్తే చాలదా అని అందరూ అడుగుతారు, బియ్యం పీల్చేది చాలా తక్కువ, పైగా దాని పిండి లెన్స్ రింగుల్లోకి దూరుతుంది.

ఇంకొకటి తప్పకుండా కావాలి, చిన్న డిజిటల్ హైగ్రోమీటర్, అంటే గాలిలో తేమ కొలిచే మీటర్. చవగ్గానే దొరుకుతుంది, కాకపోతే చవకరకం అంకెల్ని నేరుగా నమ్మలేం, దాన్ని పరీక్షించడానికి మళ్ళీ మన ఉప్పే పనికొస్తుంది. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసకలా అయ్యేలా రెండు మూడు చుక్కలు నీళ్ళు వెయ్యండి, మొత్తం కరిగిపోకూడదు. ఆ మూతని, హైగ్రోమీటర్‌ని పక్కపక్కన జిప్‌లాక్ కవర్లో పెట్టి గట్టిగా మూసి రాత్రంతా కదపకుండా వదిలెయ్యండి. ఉప్పు అలా తడిగా ఉన్నచోట గాలిలో తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. పొద్దున్న మీటర్ 75 చూపిస్తే సరే, 70 చూపిస్తే అది ఎప్పుడూ అయిదు తక్కువ చెప్తోందని లెక్క, ఓ కాగితం ముక్క మీద ‘+5’ అని రాసి వెనకాల అంటించెయ్యండి. ఇలా సరిచూసిన మీటర్‌ని డబ్బాలో పెట్టి తేమ 40కి 50కి మధ్య ఉండేలా చూసుకోండి. మరీ 30 కిందకి పోతే లెన్స్ లోపల గ్రీజు, రబ్బరు ఎండిపోతాయి, అప్పుడు కొన్ని గింజలు బయటికి తీసెయ్యాలి.

ఏసీ గదిలోంచి కెమెరా పట్టుకుని నేరుగా బాల్కనీలోకి వస్తే లెన్స్ మంచు పట్టేస్తుంది కదా, అది తుడిచే కొద్దీ వస్తూనే ఉంటుంది, గాజు వేడెక్కేదాకా ఆగదు. మన బీచ్ తూర్పు ముఖం, అందాలన్నీ పొద్దున్నే, జూన్ మొదట్లో అయితే అయిదుంబావు దాటగానే సూర్యుడు వచ్చేస్తాడు, అప్పుడు తుడుచుకుంటూ కూర్చుంటే వెలుగు అయిపోతుంది. అందుకని రాత్రే కెమెరాని ఏసీ లేని గదిలో పెట్టి పడుకోండి. లంబసింగి వెళ్ళినప్పుడు దీనికి తిరగేసి చెయ్యాలి, చలిలో తిరిగిన కెమెరాని కార్లోకో గదిలోకో తెచ్చేముందు బయటే జిప్‌లాక్ కవర్లో పెట్టి గాలి తీసి మూసెయ్యండి, అరగంట పోయాక తీస్తే చెమట కవర్ మీదే పడుతుంది గానీ లెన్స్ మీద పడదు. తుంపర పడుతుంటే కడిగి ఆరబెట్టిన పెద్ద పాల కవర్‌కి లెన్స్ పట్టేంత కన్నం చేసి రబ్బరు బ్యాండ్ వెయ్యండి, బాగా ఆపుతుంది. యారాడ వైపు వెళ్ళేటప్పుడు నేవీ ప్రాంతాల్లో ఫొటోలు తియ్యకూడదన్న బోర్డులు ఉంటాయి, చూసుకోండి.

కంప్యూటర్ల దగ్గరికొద్దాం. ఇక్కడ డెస్క్‌టాప్‌లకి తరచుగా వచ్చే జబ్బు ఏంటంటే, పవర్ ఆన్ అవుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, బీప్ బీప్ అంటుంది, స్క్రీన్ మీద ఏమీ రాదు. మదర్‌బోర్డ్ పోయిందేమో అని భయపడి షాపుకి మొయ్యకముందు ర్యామ్ (మదర్‌బోర్డ్‌లో గుచ్చి ఉండే సన్నటి పొడవాటి మెమరీ ముక్క) తీసి శుభ్రం చెయ్యండి, చాలాసార్లు దాంతోనే సరిపోతుంది. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని, క్యాబినెట్ ఇనపభాగం ఒకసారి ముట్టుకుని (వంట్లో స్టాటిక్ పోవాలి) పక్క తలుపు విప్పండి. ర్యామ్‌కి చివర్లో ఉన్న క్లిప్పులు వెనక్కి నొక్కితే అది పైకొస్తుంది, అంచులు పట్టుకుని తీసి, కింద ఉండే బంగారు రంగు పళ్ళని పిల్లల తెల్ల ఎరేజర్‌తో మెల్లగా రుద్దండి, మాసిన రంగు పోయి మెరుపు కనిపిస్తుంది. ఇంకు చెరిపే గరుకు ఎరేజర్ మాత్రం వాడొద్దు, పూతే లేచిపోతుంది. ఎరేజర్ పొట్టు పూర్తిగా దులిపి, టక్‌మని క్లిప్పులు పడేదాకా మళ్ళీ నొక్కండి. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని పెన్సిల్‌తో ఆపి పట్టుకోండి, గాలికి అది అదుపు లేకుండా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తూ, బ్రౌజర్ ఏ సైట్ తెరిచినా సర్టిఫికెట్ ఎర్రర్ అంటోందంటే అది వైరస్ కాదు, మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయింది, సీఆర్ 2032 అని అడిగితే వాచీ షాపులో కూడా ఇస్తారు. వాడినా వాడకపోయినా కంప్యూటర్‌ని వారానికోసారి ఓ గంట ఆన్ చేసి ఉంచండి, లోపలి వేడికి తేమ ఆరుతుంది. సముద్రం వైపు కిటికీ కింద మాత్రం పెట్టొద్దు.

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కూడా కెమెరా డబ్బాలోనే పెట్టెయ్యండి. ఫొటోలకి మాత్రం ఒక డిస్క్‌ని నమ్ముకోవద్దు, మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, అందులో ఒకటి వేరే చోట. వేరే చోట అంటే పక్కవీధి కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీదే తీరం దాటింది, రోజుల తరబడి కరెంటు లేదు, కిటికీలు పగిలి ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. పెళ్ళి ఫొటోలు, పిల్లల చిన్నప్పటి వీడియోలు, స్థలం కాగితాల స్కాన్లు క్లౌడ్‌లో అయినా పెట్టండి, లేదా హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య ఇంట్లో ఓ డిస్క్ అయినా ఉంచండి.

ఫోన్ సముద్రంలో పడితే వెంటనే ఆఫ్ చేసెయ్యండి. ఐపీ68 రకం (నీళ్ళు తట్టుకునే ఫోన్) అయితే మంచినీళ్ళతో కడగమనే ఆపిల్ లాంటి కంపెనీలు చెప్తాయి, ఎందుకంటే ఉప్పు లోపలే ఆరిపోతే ఇంకా నష్టం. ఛార్జింగ్ పోర్ట్ కిందకి ఉండేలా పట్టుకుని అరచేతికేసి తట్టి, ఫ్యాన్ కింద నిలబెట్టండి, పూర్తిగా ఆరేదాకా ఛార్జింగ్ పెట్టొద్దు. బియ్యంలో పెట్టొద్దని కూడా ఆపిల్ చెప్పింది, గింజల పొడి పోర్ట్‌లోకి పోతుంది. హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు.

ఇక ఇంటి సంగతులు. బీరువాని గోడకి ఆనించకుండా నాలుగు వేళ్ళ ఎడం ఉంచండి, గాలి ఆడాలి. పట్టుచీరలున్న బీరువాలో కాల్షియం క్లోరైడ్ డబ్బాలు పెడితే తేమని లాగి నీళ్ళుగా కింద పోగేస్తాయి, ఆ నీళ్ళు చీర మీద ఒలికితే మరక పోదు, కాబట్టి కింది అరలోనే, నిటారుగా. సర్టిఫికెట్లు లామినేట్ చేయించొద్దు, ఫైల్ కవర్లో పెట్టి చెప్పుల పెట్టెలో వచ్చే చిన్న సిలికా జెల్ పొట్లాలు రెండు పక్కన వెయ్యండి. తాళం కప్ప బిగిస్తే కొబ్బరినూనె పొయ్యడం మన ఇళ్ళలో అలవాటు, అది కొన్నాళ్ళకి దుమ్ముతో కలిసి జిగురైపోతుంది, బదులుగా పెన్సిల్ ముల్లు చెక్కి ఆ పొడిని తాళంచెవికి పట్టించి పదిసార్లు తిప్పండి. గ్రిల్‌కి పెయింట్ వేయించేటప్పుడు మేస్త్రీ నేరుగా తుప్పు మీదే రంగు వేసేస్తానంటాడు, ఒప్పుకోవద్దు, ముందు మంచినీళ్ళతో కడిగించి, ఆరాక ఎమెరీ కాగితంతో తుప్పు గీకించి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేయించి, అది ఆరాకే పెయింట్. ఆ కడగడం మానేస్తే ఉప్పు కింద ఉండిపోయి పైనున్న పూతని మళ్ళీ లేపేస్తుంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌ని కూడా మెయిన్ ఆపేసి నెలకోసారి మంచినీళ్ళు సన్నధారగా కొట్టి కడగొచ్చు, ప్రెషర్ ఎక్కువైతే రెక్కలు వంగిపోతాయి. స్విచ్‌బోర్డుల్లో చిటపట వినిపిస్తే మాత్రం మీరు విప్పకండి, మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.