పాత పాటకు సింథ్ రూపం – మూడో పాఠం: ముందు పాటను విప్పి చూద్దాం

కిందటి రెండు పాఠాల్లో ఆసిలేటర్ (శబ్దాన్ని పుట్టించేది), ఫిల్టర్ (దాన్ని వడకట్టేది), ఎన్వెలప్ (అది ఎలా లేచి ఎలా తగ్గాలో చెప్పేది) అంటే ఏమిటో చూశాం. ఒక బేస్ శబ్దం, ఒక ప్యాడ్ శబ్దం (వెనక మెత్తగా పరుచుకుని ఉండేది) తయారుచేసి సేవ్ చేసుకున్నాం కూడా. ఈ వారం ఆ రెండూ పనిలోకి దిగుతాయి. అందరూ ఇష్టపడే ఒక పాత పాటను తీసుకుని, దాని మర్యాద చెడకుండా సింథసైజర్ మీద మళ్లీ కట్టడం మొదలుపెడదాం.

పాత రికార్డింగును తెచ్చి, వేగం పెంచి, కింద ఒక డ్రమ్ లూప్ పడేస్తే రీమిక్స్ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. ఈ పాఠాల్లో మనం ఆ దారిన వెళ్లం. పాట దేని మీద నిలబడిందో చెవికి తెలిశాకే దేన్ని మార్చవచ్చో తెలుస్తుంది. అందుకని ఈ పాఠంలో సగం వినడమే ఉంటుంది. దయచేసి ఆ సగం దాటేసి కింద ఉన్న సెట్టింగుల దగ్గరికి గెంతకండి.

ఉదాహరణగా ఒకే పాట తీసుకుంటాను: ‘ఆల్వేస్ ఆన్ మై మైండ్’. ఎల్విస్ ప్రెస్లీ దాన్ని 1972లో పాడాడు. నిదానంగా సాగే పాట. భార్యకో ప్రియురాలికో ఇవ్వాల్సినంత ప్రేమ ఇవ్వలేకపోయానని ఒక మగవాడు ఒప్పుకోవడమే దాని విషయం. 1982లో విల్లీ నెల్సన్ గొంతులో అది మళ్లీ పెద్ద హిట్ అయింది. ఎల్విస్ పోయి పదేళ్లయిన సందర్భంగా 1987లో బ్రిటన్‌లో ఐటీవీ ఒక కార్యక్రమం చేస్తే, అందులో పెట్ షాప్ బాయ్స్ అనే ఇద్దరు కుర్రాళ్ల జట్టు ఈ పాటను పూర్తిగా సింథసైజర్ల మీద చేసింది. ఆ ఏడాది చివర్లో సింగిల్‌గా విడుదలై, క్రిస్మస్ వారానికి బ్రిటిష్ చార్టులో మొదటి స్థానంలో నిలిచింది.

రెండింటినీ హెడ్‌ఫోన్లలో ఒకదాని తర్వాత ఒకటి వినండి. మారినవి చాలా ఉన్నాయి. ఏడుస్తున్నట్టు సాగిన పాట నిమిషానికి దాదాపు 125 బీట్లతో నాట్యానికి పనికొచ్చేలా అయింది. పియానో, గిటార్, వయొలిన్లు పోయాయి. వాటి స్థానంలో ఇత్తడి వాయిద్యాల్లా మోగే సింథ్ వచ్చి పాటను తెరుస్తుంది. ఆ ఇద్దరిలో పాడే నీల్ టెనంట్ గొంతులో ఎల్విస్ గొంతులోని తడి లేదు. ముఖంలో ఏ భావం లేకుండా పాడినట్టు ఉంటుంది. అదే మాట, అదే రాగం. చెప్పే మనిషి మాత్రం వేరు. ఇన్ని మారినా పాట ఎక్కడా చెక్కుచెదరలేదు. ఎందుకంటే రాగాన్ని, మాటను, పల్లవి ఎక్కడికి వెళ్లి ఆగాలో ఆ చోటును వాళ్లు వదలలేదు.

నిజానికి ఆ చివరి చోటులోనే వాళ్లు ఒక పని చేశారు. ఈ పాఠానికి ఆయువుపట్టు అదే. కాస్త నిదానంగా చూద్దాం.

లెక్క తేలికగా ఉండటానికి పాటను జి మేజర్‌లో పెట్టుకుందాం. అసలు పాటలో పల్లవి చివరి మాటల కింద కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఇలా వస్తాయి: సి, తర్వాత డి సెవెన్, తర్వాత జి. ఇంటికి చేరినట్టు ఉంటుంది. లక్ష పాటలు ఇలాగే ముగుస్తాయి. పెట్ షాప్ బాయ్స్ ఏం చేశారంటే, డి సెవెన్ తర్వాత జి రావలసిన చోట జి మైనర్ సెవెన్ పెట్టారు, అదీ బి ఫ్లాట్‌ను బేస్‌లో ఉంచి. అక్కడి నుంచి మళ్లీ సి, అప్పుడు జి. ఇంటి గుమ్మం దాకా వచ్చి, ఒక్క అడుగు పక్కకు వేసి, ఆ తర్వాత లోపలికి వెళ్లినట్టు.

ఇంట్లో హార్మోనియం ఉన్నా, చిన్న కీబోర్డు ఉన్నా ఇప్పుడే వాయించి చూడండి. మన సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది ఇంకా స్పష్టంగా వినబడుతుంది. జిని షడ్జమం అనుకోండి. బేస్ నడక మ, ప, గ, మ, స. ఇందులో గ సాధారణ గాంధారం. చెవి అంతర గాంధారం కోసం ఎదురుచూస్తుంటే ఇది వస్తుంది, గుండె ఒక్క క్షణం కుంగుతుంది. పైన ఇంకో గీత దాగి ఉంది. డి సెవెన్‌లోని ఎఫ్ షార్ప్ కాకలి నిషాదం. మామూలుగా అది పైకి, షడ్జమానికి ఎక్కాలి. ఇక్కడ ఎక్కకుండా కిందికి దిగుతుంది: కాకలి నిషాదం, కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, పంచమం. అంటే ఎఫ్ షార్ప్, ఎఫ్, ఇ, డి. పశ్చాత్తాపం గురించిన పాటలో, పైకి ఎక్కాల్సిన స్వరం మెట్టు మెట్టుగా కిందికి దిగిపోతోంది. పాడే రాగం మాత్రం మారలేదు. జి, డి స్వరాలు జి మేజర్‌లోనూ ఉన్నాయి, జి మైనర్ సెవెన్‌లోనూ ఉన్నాయి. అందుకే కింద నేల మారినా పైన పాట తొణకలేదు.

నా దృష్టిలో గౌరవం అంటే ఇదే. ఏమీ మార్చకుండా నకలు తీయడం కాదు. పాట ఏం చెబుతోందో దాన్నే ఇంకొంచెం లోతుగా చెప్పే మార్పు ఒకటి వెతకడం. అలాంటిది ఒక్కటి దొరికితే చాలు. పది పెట్టారంటే అది మీ పాట అవుతుంది, వాళ్లది కాదు.

ఇప్పుడు మీ పాట. ఏదైనా ఫర్వాలేదు, మీకు నోటికి వచ్చిన పాట అయితే మరీ మంచిది. కాగితం తీసుకుని పాట పటం గీయండి. ఎన్ని బార్లు (నాలుగేసి బీట్ల గడులు) ముందు సంగీతం, పల్లవి ఎన్ని బార్లు, చరణం ఎన్ని, మధ్యలో ఎక్కడ గాయకుడు ఊపిరి తీసుకుంటున్నాడు. బేస్ వినబడకపోతే స్ప్లీటర్, డెమక్స్ లాంటి ఉచిత సాధనాలతో పాటను గొంతుగా, బేస్‌గా, డ్రమ్స్‌గా విడదీసి వినవచ్చు. చదువుకోవడానికి అవి బంగారం. అయితే అలా విడదీసిన గొంతును తెచ్చి మీ ట్రాక్ మీద అతికించకండి. సకారాల చుట్టూ నీళ్లలో నుంచి వస్తున్నట్టు ఒక గరగర మిగిలిపోతుంది, శుభ్రమైన సింథ్ శబ్దాల పక్కన అది ఇంకా ఎబ్బెట్టుగా ఉంటుంది. పాడగల స్నేహితుడినో చెల్లెలినో కూర్చోబెట్టి కొత్తగా రికార్డ్ చేయండి.

వేగం దగ్గర ఒక సూత్రం గుర్తుంచుకోండి. పాత పాట నిమిషానికి 60 నుంచి 65 బీట్ల మధ్య ఉంటే మీ ప్రాజెక్టును సరిగ్గా రెట్టింపులో, అంటే 120 నుంచి 130లో పెట్టండి. డ్రమ్స్ పరిగెడతాయి, పాడే మనిషి మాత్రం తన పాత నడకలోనే నడుస్తాడు. పాట 75, 80 దగ్గర ఉంటే ఈ కిటుకు పనిచేయదు, రెట్టింపు చేస్తే 150, 160 అయిపోతుంది. అప్పుడు మాటలు నలగని వేగం ఏదో గాయకుడితో పాడించి తేల్చుకోవాలి. కంప్యూటర్ ముందు ఒంటరిగా కూర్చుని తేల్చే విషయం కాదది. ఇంకో సంగతి: పాత రికార్డింగుల్లో చాలావాటికి క్లిక్ (వేగం నిలబెట్టే టిక్ టిక్ శబ్దం) ఉండదు, వాయించేవాళ్ల ఊపిరిని బట్టి వేగం కొంచెం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. చరణం చివర పాట నెమ్మదించే చోటు ఉంటే టెంపో ట్రాక్‌లో మీరు కూడా వేగాన్ని నిమిషానికి రెండు మూడు బీట్లు తగ్గించండి.

బేస్‌కు వద్దాం. మొదటి పాఠంలో చేసిన శబ్దాన్ని తెరవండి: ఒక సా వేవ్, దానికి ఒక స్థాయి కింద ఒక స్క్వేర్ వేవ్. ప్రాజెక్టు వేగం 125 అనుకుంటే 60,000ను 125తో భాగించండి, ఒక బీట్ 480 మిల్లీసెకన్లు. అందులో సగం 240. మన బేస్ ప్రతి అర బీట్‌కూ ఒకసారి మోగుతుంది, కింది స్వరం, పై స్వరం, కింది, పై. ఎన్వెలప్‌లో డికే (శబ్దం తగ్గడానికి పట్టే సమయం) 180 దగ్గర పెట్టి, సస్టెయిన్ (ఆ తర్వాత కీ నొక్కి ఉంచినంతసేపూ నిలిచే స్థాయి) సున్నాకి దించండి. 240లో 180 పోతే 60 మిల్లీసెకన్ల ఖాళీ మిగులుతుంది. పాట గెంతుతున్నట్టు అనిపించేది ఆ ఖాళీ వల్లే. డికేను 240 దాకా పెంచి చూడండి, గెంతడం ఆగిపోయి ఈడ్చుకుంటూ నడుస్తున్నట్టు ఉంటుంది. ఫిల్టర్ కటాఫ్ (దాని పైన ఉన్నదాన్ని ఫిల్టర్ తగ్గించే హద్దు) చరణంలో 300 హెర్ట్జ్ దగ్గర మూసి ఉంచి, పల్లవికి మెల్లగా 800 దాకా తెరవండి. డ్రమ్స్ గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. ప్రతి బీట్‌కూ కిక్, రెండు నాలుగు మీద చప్పట్లు. ప్రస్తుతానికి చాలు.

ప్యాడ్ మీద మాత్రం కాస్త ఓపిక పట్టండి. రెండు సా వేవ్‌లు, ఒకటి 7 సెంట్లు (పక్కపక్క స్వరాల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) పైకి, ఇంకొకటి 7 సెంట్లు కిందికి. బేస్‌కు దారి ఇవ్వడానికి 200 హెర్ట్జ్ కింద అంతా కోసేయండి. కార్డ్‌ను మొత్తంగా చేతితో నొక్కేయకండి. నాలుగు ట్రాకులు తెరిచి, ఒక్కో స్వర గీతను విడిగా వాయించండి. వెండీ కార్లోస్ 1968లో బాక్ సంగీతాన్ని మోగ్ సింథసైజర్ మీద చేసినప్పుడు ఆ యంత్రం ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. అందుకని ఒక్కో గీత విడివిడిగా వాయించి టేపు మీద పేర్చుకోవాల్సి వచ్చింది. ఆ రికార్డులో లోపలి స్వరాలు అంత స్పష్టంగా పాడుతున్నట్టు వినబడటానికి అదొక కారణం. మనకు ఆ నిర్బంధం లేదు, కానీ ఆ పద్ధతి పాటిస్తే ఇందాకటి ఎఫ్ షార్ప్, ఎఫ్, ఇ, డి లాంటి గీతలు మీ చేతికి దొరుకుతాయి. ఆ ఒక్క ట్రాక్ శబ్దాన్ని మిగతావాటికన్నా ఒక డెసిబెల్ పెంచవచ్చు.

ఇక్కడే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది: సెట్టింగులు అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా ఆ ముగింపు దగ్గర బురదగా వినబడుతోందేంటి? కారణం రిలీజ్, అంటే కీ వదిలాక శబ్దం ఆగడానికి పట్టే సమయం. ప్యాడ్‌కు రిలీజ్ ఒక సెకను ఉంటే, ఎఫ్ వచ్చాక కూడా ఎఫ్ షార్ప్ మోగుతూనే ఉంటుంది. పక్కపక్క స్వరాలు రెండూ ఒకేసారి మోగితే చెవికి గుచ్చుకుంటుంది. ఆ రెండు బార్లలో రిలీజ్‌ను 200 మిల్లీసెకన్లకు తగ్గించండి, రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) కూడా కొంచెం దించండి. అటాక్ (శబ్దం పూర్తిగా లేవడానికి పట్టే సమయం) కూడా చూసుకోవాలి. కార్డ్ రెండు బీట్లకోసారి మారుతుంటే 250 మిల్లీసెకన్ల అటాక్‌తో ప్రతి కార్డ్ ఆలస్యంగా వచ్చినట్టు ఉంటుంది, 80కి దించితే సరిపోతుంది. ఆటోమేషన్ (సెట్టింగు పాటలో ఎక్కడ ఎలా మారాలో గీసే గీత) గీసుకుంటే రెండు నిమిషాల పని.

గొంతు విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. శ్రుతి సరిదిద్దే ప్లగిన్‌ను పాట మొత్తం మీద వేయకండి. ముఖ్యంగా తెలుగు పాట చేస్తుంటే స్వరానికీ స్వరానికీ మధ్య ఉండే జారు, కంపితం అన్నిటినీ అది తప్పులు అనుకుని చదును చేసేస్తుంది. పాట ప్రాణం అక్కడే ఉంది. నిలిపిన దీర్ఘ స్వరం ఏదైనా నిజంగా దిగిపోతే, ఆ ఒక్కదాన్ని చేత్తో సరిచేయండి. గొంతు లేకుండా సింథ్ తోనే రాగం పలికించాలనుకుంటే మోనో (ఒకసారికి ఒకే స్వరం), లెగాటో (స్వరాలు తెగకుండా కలవడం) పెట్టి గ్లైడ్‌ను (ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే సమయాన్ని) 60, 70 మిల్లీసెకన్లు చేయండి. జారును పిచ్ వీల్‌తో చేత్తోనే ఇవ్వండి. కంపితాన్ని ఎల్‌ఎఫ్‌ఓకి (శబ్దాన్ని నిదానంగా ఊపే ఆసిలేటర్‌కు) అప్పగించి వదిలేస్తే ప్రతి స్వరమూ ఒకేలా వణుకుతుంది. దాన్ని మాడ్ వీల్‌కు (కీబోర్డు పక్కన ఉండే చక్రానికి) కట్టి, కావలసిన స్వరం మీదే లేపండి.

ఇంట్లో సాధన చేసుకోవడం వేరు, బయట విడుదల చేయడం వేరు. పాట రాసినవాళ్ల హక్కు ఒకటి, ఆ రికార్డింగు హక్కు ఇంకొకటి. పాతది ఒక్క సెకను వాడినా రెండో హక్కు కూడా అడ్డొస్తుంది. 2012 సవరణతో మన కాపీరైట్ చట్టంలో వచ్చిన 31సి సెక్షన్ ప్రకారం, మొదటి రికార్డింగు వచ్చిన ఏడాది ముగిశాక అయిదు క్యాలెండర్ సంవత్సరాలు గడవకుండా కవర్ వెర్షన్ చేయకూడదు. ముందుగా తెలియజేయాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి. హక్కుదారు ఒప్పుకోని మార్పులు, రికార్డింగుకు సాంకేతికంగా అవసరం కాని మార్పులు కుదరవు. మనం చూసిన కార్డ్ మార్పు లాంటిది ఉంటే నేరుగా అనుమతి అడగడమే దారి. రచయిత పేరుకు భంగం కలిగేలా కృతిని వక్రీకరిస్తే 57వ సెక్షన్ కింద ఆయన దావా వేయవచ్చు. విడుదల చేసే ఉద్దేశం ఉంటే పని మొదలుపెట్టకముందే హక్కుదారులకు రాయండి.

వచ్చే పాఠం లోపు చేయాల్సినవి: మీ పాట పటం, పల్లవి చివరి నాలుగు బార్ల కార్డ్‌లు, ఆ కార్డ్‌లకు బేస్, ప్యాడ్ వాయించి చేసిన ఒక చిన్న ముక్క. అందులో ఒకే ఒక్క కార్డ్ మార్చి రెండో ముక్క చేయండి. అసలు పాట బాగా తెలిసిన పెద్దవాళ్లు ఎవరికైనా, వీలైతే ఆ పాట వచ్చిన రోజుల్లోనే విన్నవాళ్లకు, రెండూ వినిపించండి. ఏది ఏదో చెప్పకండి, ఎక్కడ వాళ్ల ముఖం మారిందో గమనించి ఆ బార్ నంబరు రాసుకోండి. నాలుగో పాఠంలో ఆర్పెజియేటర్‌నూ (కార్డ్ స్వరాలను ఒక్కొక్కటిగా వాయించేది) 360 మిల్లీసెకన్ల డిలేనూ (శబ్దాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపించేది) ఆ బార్ చుట్టూ అమరుస్తాం.